రేవు దాటితే ఇల్లు



వేసవి సెలవులు దగ్గర పడ్డాయి. మనవాళ్ళలో చాలామంది ఈపాటికే టిక్కెట్లు కొనేసి, పెట్టెలు తూకం వేసుకునే పనిలో పడి ఉంటారు. అందుకే కాబోలు, ఈ వారం "ఊరికి వెళ్ళే దారి" గురించి నాలుగు మాటలు చెప్పమని మన రేడియో మిత్రులు అడిగారు. విమానాల సంగతి మీ అందరికీ నాకంటే బాగా తెలుసు. నేను చెప్పబోయేది విమానం దిగాక మొదలయ్యే ప్రయాణం గురించి. సొంత ఊరి గడప తొక్కే వరకూ మిగిలి ఉండే ఆఖరి దారి గురించి. ఆ దారికి కూడా ఓ చరిత్ర ఉంది. మనం కారులో కునుకు తీస్తూ దాన్ని దాటేస్తుంటాం.

మాది కోనసీమ. శంషాబాదులో దిగితే అమలాపురం 400 కిలోమీటర్ల పైమాటే. కారెక్కిన గంటకల్లా పిల్లలు "ఇంకెంత దూరం?" అని మొదలెడతారు. మనం ఫోనులో మ్యాపు చూసి ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని చెబుతాం. మా తాతల తరం వాళ్ళని ఇదే ప్రశ్న అడిగితే లెక్క వేరేగా ఉండేది. రాజోలు నుంచి కాకినాడ ఎంత దూరం అంటే, "రెండు రేవులు" అనేవారు. రేవు అంటే పడవ ఎక్కే చోటు. రెండు నదులు దాటాలి, రెండు చోట్ల పడవ కోసం కాచుకోవాలి అని దాని అర్థం. మైళ్ళు ఎన్నైనా నడవచ్చు, బండి కట్టించుకోవచ్చు. నది దగ్గర మాత్రం ఇంకొకరు దాటించాలి. అంచేత నా ఉద్దేశంలో కోనసీమ దారుల చరిత్రంతా ఒక్క ప్రశ్నకి జవాబు. మనల్ని ఏరు దాటించి ఇంటికి చేర్చింది ఎవరు?

మా ప్రాంతం చూడనివాళ్ళ కోసం కాస్త భూగోళం చెప్పాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, యానాం పక్కనుంచి పోయి సముద్రంలో కలుస్తుంది. పడమటి పాయ వశిష్ఠ, నరసాపురం పక్కనుంచి పోయి అంతర్వేది దగ్గర కలుస్తుంది. ఈ రెండు పాయలూ, దక్షిణాన బంగాళాఖాతం, ఈ మూడింటి మధ్య ఉన్న ముక్కే కోనసీమ. అది చాలదన్నట్టు వశిష్ఠ నుంచి వైనతేయ అనే ఇంకో పాయ విడివడి, రాజోలు వైపుని అమలాపురం వైపు నుంచి వేరు చేస్తుంది. అంటే ఎటు వెళ్ళాలన్నా నీళ్ళే. కోనసీమ జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందు మాకు జిల్లా కేంద్రం కాకినాడ. కలెక్టరాఫీసులో ఒక కాగితం పని ఉన్నా గౌతమి దాటాల్సిందే.

ఇక్కడ ఆనకట్ట లేని రోజుల్లో ప్రయాణాలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామిగారి "కాశీయాత్ర చరిత్ర" చూడాలి. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న మళ్ళీ ఇంటికి చేరారు. పదిహేను నెలల పైచిలుకు. తిరుగు ప్రయాణంలో కలకత్తా నుంచి జగన్నాథం మీదుగా సముద్ర తీరపు జిల్లాలన్నీ దాటుకుంటూ దిగివచ్చారు. అంటే ఇవాళ మనం జాతీయ రహదారి 16 అని పిలిచే దారి ఉన్న ప్రాంతం గుండానే, గోదావరి, కృష్ణ దాటుకుని ఇంటికి వెళ్ళారన్నమాట. పల్లకీ, దాన్ని మోసే బోయీలు, వెంట పెద్ద పరివారం. ఆయన కలిగినవారు కాబట్టి ఆపాటి ప్రయాణం సాధ్యమైంది. మామూలు రైతుకి, కూలీకి పుట్టిన ఊరు దాటే అవసరం పడితే కాళ్ళే బండి.

ఆ తరువాత రెండేళ్ళకే, 1832-33లో, కరువు వచ్చింది. గుంటూరు కరువు అని చరిత్రలో పేరుపడ్డ ఆ కరువు గోదావరి జిల్లాలనీ వదల్లేదు. పక్కనే ఏరు నిండుగా పారుతుంటే పొలాలు ఎండిపోయాయి. ఆ తరువాతే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఆనకట్ట వల్ల పంటలు పండాయని మనందరం చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం. ఆ పాఠంలో తక్కువగా చెప్పిన సంగతి ఇంకోటుంది. కాటన్ తవ్వించిన కాలువలు పొలాలకి నీళ్ళిచ్చినట్టే మనుషులకి దారులు కూడా ఇచ్చాయి. నల్లరేగడి బురదలో బండి చక్రం దిగబడిపోయే వానాకాలంలో కాలువలో పడవ హాయిగా సాగేది. కాకినాడ నుంచి కాలువల వెంట బెజవాడ చేరి, కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువ పట్టుకుని, అక్కడినుంచి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా పడవ మీద వెళ్ళే వీలు ఏర్పడింది.

ఆ పడవ ప్రయాణం ఎలా ఉండేదో మా అమ్మమ్మ చెప్పేది. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే ఇద్దరు ముగ్గురు మనుషులు పొడవాటి తాడు భుజానికి వేసుకుని, గట్టు మీద నడుస్తూ పడవని లాగేవారు. పైన గూడు కట్టిన పడవలో ఆడవాళ్ళూ పిల్లలూ సామానూ. లాకుల దగ్గర ఆగాలి. తలుపులు మూసి, నీళ్ళు నింపి, పడవని పై మట్టానికి ఎత్తే వరకూ కాచుకోవాలి. అక్కడే వంట, అక్కడే స్నానాలు, అక్కడే పెళ్ళి సంబంధాల కబుర్లు. లాకుల దగ్గర వంట పొగ వాసన తగిలితే ఊరు వస్తున్నట్టు తెలిసేదట. ఇంకో తమాషా కూడా ఉంది. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసేవారు. సరిగ్గా పెళ్ళిళ్ళ రోజుల్లో పడవ దారి ఉండేది కాదు. అయితే అప్పటికి చేలు కోసి, నేల ఎండి ఉండేది కాబట్టి ఎడ్లబండి పొలాలకి అడ్డంపడి వెళ్ళిపోయేది. ఏ కాలానికి ఆ దారి.

రాజోలు వైపు పొలాలకి నీళ్ళు వెళ్ళాలంటే మధ్యలో వైనతేయ అడ్డం. అంచేత గన్నవరం దగ్గర ఏటి మీదుగా ఒక వారధి కట్టి, దాని మీద కాలువనే పారించారు. ఇది 1850ల నాటి సంగతి. దగ్గరుండి కట్టించింది హేగ్ అనే యువ ఇంజనీరు. 49 కమానులు. కింద నది, పైన కాలువ. మా వైపు వాళ్ళు దాన్ని ఇప్పటికీ అక్విడక్టు అనే అంటారు, మేం కూడా చిన్నప్పటి నుంచీ అదేదో తెలుగు మాటే అనుకున్నాం. ఆ పాత కట్టడం దాదాపు 150 ఏళ్ళు పనిచేసింది. పక్కనే కొత్తది కట్టాక 2000లో దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

ఈ సీతమ్మగారి సంగతి ఇక్కడ చెప్పకపోతే దారుల చరిత్ర సగమే అవుతుంది. ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. కాపురానికి వచ్చింది వైనతేయ గట్టునున్న లంకల గన్నవరం. ఏరు దాటి వచ్చేవాళ్ళకీ, దాటబోయేవాళ్ళకీ ఆ ఊరు మజిలీ. హోటళ్ళు లేని కాలం. వేళకాని వేళ వచ్చినా, ఎవరైనా సరే, ఆ ఇంట్లో విస్తరి వేసేవారు. ఒక రోజు కాదు, ఒక ఏడాది కాదు, 1909లో కన్నుమూసే దాకా. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి రమ్మని పిలుపు వస్తే, తాను వెళ్ళిపోతే ఇక్కడ అన్నం పెట్టేవాళ్ళు ఎవరని ఆవిడ వెళ్ళలేదనీ, ఆవిడ ఫోటోని కుర్చీలో ఉంచి గౌరవించారనీ మా వైపు చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. ఆవిడని అన్నదాతగా అందరూ తలుచుకుంటారు. నేను మాత్రం ఆవిడని మా దారిలో భాగంగా కూడా చూస్తాను. పడవ నదిని దాటిస్తుంది, అంతే. అవతలి గట్టున దిగిన మనిషికి ఇంకా పది మైళ్ళు నడిచే ఓపిక ఇచ్చింది ఆవిడ పెట్టిన అన్నం.

ఆ తరువాత రైలు వచ్చింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో తెరిచారు. దాంతో మద్రాసు, కలకత్తా రైలు దారి అతుక్కుంది. కోనసీమలోకి మాత్రం రైలు రాలేదు. మాకు దగ్గరగా వచ్చింది కాకినాడ నుంచి కోటిపల్లి లైను. కోటిపల్లి గౌతమికి ఆవలి గట్టున ఉంది. సోమేశ్వరుడి గుడి ఉన్న ఊరు. 1928లో ఈ లైను వేశారు. కాకినాడలో రైలెక్కి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లిలో దిగి, పడవెక్కి ముక్తేశ్వరం రేవులో దిగితే కోనసీమ. పన్నెండేళ్ళు ఈ భోగం నడిచింది. 1940లో, రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం ప్రభుత్వం ఆ పట్టాలు పీకించి పట్టుకుపోయింది. మళ్ళీ ఆ దారిలో రైలు నడిచింది 2004లో. అరవై నాలుగేళ్ళు.

ఆ పీకేసిన పట్టాల సంగతి చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ 1942లో ఇంటికి తిరిగొచ్చిన ఒక రకం ప్రయాణికులని తలుచుకుంటే అది చిన్న విషయం కాదు. మనకంటే చాలా ముందే విదేశాలకి వెళ్ళిన తెలుగువాళ్ళు వాళ్ళు. కాకినాడ పక్కన గౌతమి ఒడ్డున కోరంగి అని పాత రేవు పట్టణం ఉండేది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఆ పట్టణాన్ని నాశనం చేసింది. పట్టణం పోయినా పేరు పోలేదు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ "కోరంగీలు" అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కి, రంగూన్ హార్బరులో మూటలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనిచేయడానికి, రిక్షా లాగడానికి వెళ్ళేవారు. 1930ల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షకు పైగా ఉన్నారు. నాలుగు డబ్బులు కూడబెట్టుకుని, రెండు మూడేళ్ళకోసారి స్టీమరులో ఇంటికొచ్చి వెళ్ళేవారు. మన బతుకులకీ వాళ్ళ బతుకులకీ ఆ పోలిక చూడండి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం జపాను చేతికి చిక్కింది. స్టీమర్లలో చోటు కొద్దిమందికే దొరికింది. మిగిలినవాళ్ళు నడిచారు. కొందరు ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగు వైపు. కొందరు ఉత్తరంగా కలేవా, తాము మీదుగా మణిపురం కొండలెక్కి ఇంఫాలు, దిమాపూరు వైపు. తెల్లవాళ్ళకొక దారి, మనవాళ్ళకొక దారి అని విడదీసిన చోట్లు కూడా ఉన్నాయి. కలరా, మలేరియా, ఆకలి. నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఇలా బర్మా వదిలి వచ్చారని చరిత్రకారుల అంచనా. దారిలో రాలిపోయిన వేలమందికి సరైన లెక్కే లేదు.

ఇప్పుడు ఆలోచించండి. అందులో ఒక కోనసీమ మనిషి బతికి బయటపడ్డాడనుకుందాం. దిమాపూరులో రైలెక్కి, కలకత్తా వచ్చి, అక్కడినుంచి మళ్ళీ రైల్లో సామర్లకోట, కాకినాడ చేరాడు. అదే ఏడాది ఏప్రిల్ 6న కాకినాడ మీదా, విశాఖపట్నం మీదా జపాను బాంబులు పడ్డాయి. తప్పించుకుని వచ్చిన బాంబులు తన కంటే ముందే ఊరికి వచ్చేశాయి. పోనీ కోటిపల్లి రైలెక్కి ఇంటికి పోదామంటే, తాను వెళ్ళినప్పుడున్న రైలు ఇప్పుడు లేదు. పట్టాలు కూడా యుద్ధానికే పోయాయి. వందల మైళ్ళు నడిచి వచ్చినవాడు మళ్ళీ గౌతమి గట్టు దాకా నడవాలి, లేదా ఎవరి బండినో బతిమాలుకోవాలి. ఆ గట్టున మాత్రం పడవ ఉంది. ఎప్పటిలాగే ఉంది. ఇన్ని మారిపోయినా రేవులో పడవవాడు మారలేదు.

స్వతంత్రం వచ్చాక రోడ్లు పడ్డాయి. మా వైపు చాలా రోడ్లు వరద కోసం కట్టిన ఏటిగట్ల మీదే సాగుతాయి. 1958లో ఆర్టీసీ ఏర్పడింది, ఎర్ర బస్సులు వచ్చాయి. బస్సు రేవు దాకా తీసుకొచ్చి దింపేది. ఏరు దాటాక అవతలి గట్టున ఇంకో బస్సు. మధ్యలో పడవో, లాంచీయో, పంటో. పంటు అంటే బల్లలు పరిచిన పెద్ద తెప్ప లాంటిది. మనుషులతో పాటు సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, గేదెలు, కార్లు అన్నీ దాని మీదే. యానాం దగ్గర దాటేవాళ్ళకైతే ఇంకో విశేషం. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ ఊరు. కాకినాడ నుంచి కోనసీమకి ఆ దారిన పోతే మధ్యలో ఇంకో దేశం తగిలేదన్నమాట, పాస్‌పోర్టు ఊసు లేకుండా.

నది దాటించడం అంత తేలికైన విద్య కాదు. ఎండాకాలంలో నీళ్ళు ఒక వారకి తగ్గిపోయి, మైలు పొడవున ఇసుక మేట తేలుతుంది. కాళ్ళు కాలిపోతుంటే పిల్లల్ని చంకనేసుకుని ఆ ఇసుకలో నడిచి పడవ దాకా వెళ్ళాలి. వరద రోజుల్లో అయితే పడవని ముందు గట్టు వెంట ఎగువకి లాక్కెళ్ళేవారు. అక్కడినుంచి వదిలితే ప్రవాహం తోసుకుపోతుండగా, ఏటవాలుగా వచ్చి సరిగ్గా అవతలి రేవుకి తగిలేది. ఎంత ఎగువకి లాగాలన్నది పడవవాడి కంటి లెక్క. మనం బళ్ళో నేర్చుకున్న వెక్టార్ల లెక్కని వాళ్ళు రోజూ ప్రాణాలు పెట్టుకుని చేసేవారు. ఏటి మధ్యలో అందరూ ఒక చిల్లర నాణెం గోదావరి తల్లికి వేసి దణ్ణం పెట్టుకునేవారు. ఇప్పటికీ వంతెన మీద వెళ్ళేటప్పుడు కారు అద్దం దించి రూపాయి విసిరే పెద్దవాళ్ళున్నారు. అది భక్తి ఒక్కటే కాదు. దాటించిన ఏటికి చెల్లించే కేవు అనుకోండి.

చీకటి పడితే పడవ లేదు. వరద మరీ ఎక్కువైతే పడవ లేదు. ఈ రెండు మాటల వెనక ఎన్ని ఇళ్ళ కథలున్నాయో. పురిటి నొప్పులొచ్చినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు తెల్లారే దాకా గట్టున కాచుకున్న కథలు ప్రతి ఊళ్ళోనూ వింటాం. మా ఇంట్లోదీ ఒకటుంది. 1972 ఆగస్టులో మా నాన్న కాకినాడలో చిన్న ఉద్యోగం చేస్తుండేవారు. తాతగారికి బాగోలేదని టెలిగ్రాం వచ్చింది. బస్సు పట్టుకుని కోటిపల్లి చేరేసరికి చీకటి పడిపోయింది, ఏరు పోటెత్తి ఉంది. రేవు కట్టేశారు. ఆయన ఆ రాత్రంతా గట్టు మీద, కనిపించని అవతలి ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. పొద్దున్న కూడా వరద తగ్గలేదు. మధ్యాహ్నానికి ఒక పడవవాడు సాహసం చేసి దాటించాడు. అప్పటికి మా పెదనాన్న చేత అన్నీ జరిపించేశారు. నాన్న ఈ సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదు, అమ్మ చెప్పింది. కోటిపల్లి రేవు దాటేటప్పుడల్లా ఆయన మాట్లాడేవారు కాదని మాత్రం మాకు తెలుసు.

వంతెనలు ఒక్కొక్కటిగా వచ్చాయి. రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డూ రైలూ రెండూ ఉన్న వంతెన 1974లో మొదలైంది. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో కాటన్ బ్యారేజీ 1982 నాటికి తయారై, దాని మీద రోడ్డు దారి ఏర్పడింది. వంతెనలొచ్చాయి కదా అని ఏరు ఊరుకోలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు రోడ్లకి అడ్డంగా పడిపోయి, పక్క ఊరికి వెళ్ళడానికి కూడా దారి లేకుండా పోయింది.

గౌతమి మీద యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన కోసం గట్టిగా పట్టుబట్టినవారు జి.ఎం.సి. బాలయోగిగారు. ఆయన పుట్టింది ఆ ఎదుర్లంకలోనే. కాకినాడ వెళ్ళాలంటే రేవు దాటుతూ పెరిగిన మనిషి, 1998లో లోక్‌సభకి స్పీకరయ్యారు. ఆ పదవికి వచ్చిన తొలి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి ఆయన పోయారు. ఆ వంతెన ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. దాని మీద వెళ్ళేటప్పుడు పిల్లలకి ఈ రెండు ముక్కలు చెప్పండి. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా రైలు కూడా 2000-01లో మంజూరైంది. రెండు దశాబ్దాలు గడిచినా అది పూర్తికాలేదు.

2019 ఆగస్టులో మా నాన్నకి బాగోలేదని నాకు ఫోనొచ్చింది. అప్పుడు నేను న్యూజెర్సీలో ఉన్నాను. దొరికిన విమానం పట్టుకుని హైదరాబాదులో దిగి, అక్కడే కారు మాట్లాడుకుని బయలుదేరాను. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన మీదికి వచ్చేసరికి తెల్లవారుజామున మూడు గంటలు. కింద వరద గోదావరి. చీకట్లో నీళ్ళు కనిపించలేదు, చప్పుడు మాత్రం వినిపించింది. కారు ఒక్క నిమిషంలో దాటేసింది. అమలాపురం ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడితే, ఆయన కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "ఏ రేవున దాటావురా?" అని. "వంతెన మీద వచ్చాం నాన్నా" అన్నాను. తల ఊపారు. ఇంకో పదకొండు రోజులు ఉన్నారు, ఆ పదకొండు రోజులూ నేను పక్కనే ఉన్నాను.

మా నాన్నకీ వాళ్ళ నాన్నకీ మధ్య ఒక్క ఏరు ఉంది, ఆయన అందుకోలేకపోయారు. నాకూ మా నాన్నకీ మధ్య సముద్రాలున్నాయి, నేను అందుకున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. వంతెన కట్టిన కూలీలు, దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనుషులు, ఆ రాత్రి నిద్రాపుకుని కారు నడిపిన డ్రైవరు, వీళ్ళందరూ కలిసి నన్ను దాటించారు. వెనకటి రోజుల్లో దాటించేవాడు ఎదురుగా గడ పట్టుకుని నిలబడి ఉండేవాడు, మనం వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఇప్పుడు దాటించేవాళ్ళు మనకి కనపడరు.

అందరికీ వంతెన వచ్చేసిందని కూడా అనుకోకండి. 2022 జులై వరదల్లో పి.గన్నవరం మండలంలో లంక గ్రామాలవాళ్ళు మళ్ళీ పడవల మీదే ఇంటికి చేరారు. మా వైపు నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసి కుటుంబాలని నిలబెట్టిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో లంకల వాళ్ళూ ఉన్నారు. రెండు మూడేళ్ళకోసారి దొరికే సెలవులో, అది వరదల నెలైతే, వాళ్ళ పెట్టె ఇంకా పడవలోనే ఏరు దాటుతుంది. మన రేడియో గల్ఫులో కూడా వింటున్నారని చెప్పారు. ఆ అక్కచెల్లెళ్ళకి ఈ మాటలన్నీ చరిత్రలా కాక, పోయిన ఏటి సంగతిలా అనిపిస్తాయి.

కోనసీమ కానివాళ్ళకి కూడా ఒక మాట. మీ ఊరి దారిలోనూ ఇలాంటిదేదో ఉంటుంది. కృష్ణ మీద పుట్టి ప్రయాణమో, నల్లమల ఘాటు రోడ్డో, పాలమూరు వలస బస్సో. దాని కథ తెలిసినవాళ్ళు ఇవాళ డెబ్భై ఎనభై ఏళ్ళలో ఉన్నారు. ఈసారి వెళ్ళినప్పుడు "ఎలా ఉన్నారు" తరువాత ఇంకో ప్రశ్న అడగండి. "మీ చిన్నప్పుడు ఈ ఊరికి ఎలా వచ్చేవారు?" అని. ఫోను రికార్డింగులో పెట్టి ఊరికే వినండి. నేను ఆ ప్రశ్న మా నాన్నని ఆఖరి పదకొండు రోజుల్లో అడిగాను. ఇవాళ మీకు చెప్పిన రేవుల సంగతులు సగం ఆయన ఆ మంచం మీద చెప్పినవే. 1972 నాటి రాత్రి గురించి కూడా చెప్పారు. తనని దాటించిన ఆ పడవవాడు డబ్బులు తీసుకోలేదట.

వీలైతే దారిలో ఒక పది నిమిషాలు ఏదైనా రేవు దగ్గర కారు ఆపండి. పిల్లలకి నీళ్ళు చూపించండి. జాగ్రత్తగా వెళ్ళి, క్షేమంగా రండి.